కొత్త టెక్నాలజీ పట్టాలెక్కే ముందు: కాజీపేట లాంటి జంక్షన్‌లో పరీక్ష ఎలా ఉండాలి?

క్లుప్తంగా: ప్రమాదం ఎదురైతే బండికి తనంతట తానే బ్రేకు వేసే కవచ్, సిగ్నళ్లను కంప్యూటర్‌తో నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వంటి వ్యవస్థలు అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఎలా పని చేస్తాయో ట్రయల్స్‌లో బాగానే తేలుతోంది. సగం చెడినప్పుడు, ఆగి మళ్లీ మొదలైనప్పుడు, వైరింగ్‌లో చేయి పెట్టినప్పుడు ఏం చేస్తాయన్నది తేలాల్సినంతగా తేలడం లేదు. చైనాలోని వెన్‌జౌ నుంచి ఒడిశాలోని బాలేశ్వర్ దాకా చేదు అనుభవాలు ఈ మూడు సందర్భాల్లోనే ఎదురయ్యాయి. మూడు దిక్కుల లైన్లు, బొగ్గు రేకులు (గూడ్సు వ్యాగన్ల వరసలు), మండే ఎండలు ఉన్న కాజీపేట–బల్లార్షా మార్గంలో ఈ లోటు పూడ్చడం మరీ అవసరం.

"నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా పలు రైళ్లు రద్దు" అన్న వార్త వరంగల్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు ప్రయాణికులకు కొత్త కాదు. గోల్కొండ, శాతవాహన, భాగ్యనగర్ వంటి బండ్లు ఆగిపోయిన రోజుల్లో ఉద్యోగులు, విద్యార్థులు బస్టాండ్ల బాట పడతారు. మూడో లైన్ పనులు సాగుతున్నాయని, సిగ్నలింగ్ మారుతోందని, కవచ్ వస్తోందని అంటారు. అయితే కొత్త పరికరాన్ని నమ్మి వందలాది మంది ఉన్న బండిని దాని మీద వదిలే ముందు ఏమేం పరీక్షిస్తారు, అవి సరిపోతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు చాలామందికి చేరదు.

యార్డులో ఆ రోజుల్లో జరిగేది

ఇంటర్‌లాకింగ్ అంటే సిగ్నళ్లు, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించేవి), లెవెల్ క్రాసింగ్ గేట్లు ఒకదానికొకటి కట్టుబడి ఉండే ఏర్పాటు. పాయింట్ సరైన వైపు బిగిసి, దారిలో ట్రాక్ ఖాళీగా ఉండి, గేటు పడి, అడ్డొచ్చే సిగ్నళ్లన్నీ ఎర్రగా ఉంటే తప్ప పచ్చ రాకూడదు. ప్రతి రూటుకూ ఈ షరతులు రాసి ఉంచే పట్టికను కంట్రోల్ టేబుల్ అంటారు. యార్డులో కొత్త లైను కలిసినా, పాత రిలేల స్థానంలో కంప్యూటర్ వచ్చినా ఆ పట్టికంతా మారుతుంది. మారే వ్యవధిలో ఇంటర్‌లాకింగ్ రక్షణ ఉండదు. పాయింట్లకు క్లాంపు వేసి తాళం బిగిస్తారు, బండ్లను చేతి సిగ్నళ్ల మీద, రాతపూర్వక అనుమతి మీద నెమ్మదిగా పంపుతారు. అన్ని బండ్లనూ అలా నడపడం కుదరదు కాబట్టే రద్దులు.

కొత్తది కలిపాక మొదట కేబుళ్ల ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో కొలుస్తారు, ప్రతి వైరూ రెండు చివర్లా సరైన చోటే ఉందో లేదో చూస్తారు. తర్వాత కరెస్పాండెన్స్ పరీక్ష. స్టేషన్‌లోని ప్యానెల్ మీద ఒక పాయింట్ నార్మల్ (మామూలు దిక్కు) అని చూపిస్తే, ఆ పాయింట్ దగ్గర నిలబడ్డ మనిషి అది నిజంగా నార్మల్‌లోనే ఉందని ఫోన్‌లో చెప్పాలి. పాయింట్‌కు అడ్డంకి పరీక్ష కూడా ఉంటుంది. టంగ్ రైలు (పాయింట్‌లో కదిలే పట్టా) మొన నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో, టంగ్ రైలుకూ పక్క పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ముక్క పెట్టి పాయింట్ తిప్పుతారు. అప్పుడు పాయింట్ లాక్ కాకూడదు, సిగ్నల్ రాకూడదు. వచ్చిందంటే సర్దుబాటు తప్పినట్టే.

కష్టమంతా షరతులను ఒక్కొక్కటిగా తెంచి చూసే పరీక్షలో ఉంది. 60 రూట్లున్న యార్డు అనుకుందాం. ఏ రెండు రూట్లు కలిసి రావచ్చో, ఏవి రాకూడదో పూర్తిగా చూడాలంటే 1,770 జంటలు అవుతాయి. జంటకు ఒక్క నిమిషం చొప్పున వేసుకున్నా 29 గంటల పైమాట. నడుస్తున్న లైన్ మీద బండ్లు ఆపి పనికి ఇచ్చే సమయం, అంటే ట్రాఫిక్ బ్లాక్, మామూలుగా రెండు నుంచి నాలుగు గంటలు. అందుకే ఈ పనిలో ఎక్కువ భాగం సిమ్యులేషన్ ప్యానెల్ మీద, ఫ్యాక్టరీలో ముందే జరగాలి. అక్కడ బద్ధకించినది యార్డులో పూడ్చుకోవడానికి వీలుండదు.

పది కోట్ల గంటల లెక్క

కవచ్‌కు సిల్-4 ధ్రువీకరణ ఉందని తరచూ వింటాం. భద్రతా స్థాయిల్లో అది అన్నిటికంటే పైది. ప్రమాదానికి దారి తీసే వైఫల్యం పది కోట్ల గంటలకు ఒకటి కంటే తక్కువగా ఉండాలన్నది దాని సారం. పది కోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్లు దాటుతుంది.

ఈ సంఖ్యను బండి నడిపి నిరూపించడం ఎవరి తరమూ కాదు. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 రూట్ కిలోమీటర్ల మీద, 144 ఇంజన్లలో మొదటి విడత కవచ్ అమర్చారు. ఆ ఇంజన్లన్నీ ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ నడిచాయనుకున్నా కూడేది 12.6 లక్షల గంటలే. పది కోట్లు చేరడానికి 79 ఏళ్లు పడుతుంది. వైఫల్యాలు ఆ హద్దు లోపే ఉన్నాయని గణాంకపరంగా గట్టిగా చెప్పాలంటే, ఒక్క వైఫల్యమూ లేకుండా అంతకు మూడు రెట్ల అనుభవం కావాలి. కాబట్టి "ట్రయల్‌లో ఏ లోపమూ కనిపించలేదు" అన్న మాట మంచి సంకేతమే తప్ప రుజువు కాదు.

అసలు రుజువు మరో దారిలో రావాలి. డిజైన్‌లో ఏ ముప్పులున్నాయో ముందే రాసుకోవడం, ప్రతి ముప్పుకూ రక్షణ ఎక్కడుందో చూపడం, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కాక వేరేవాళ్లు దాన్ని తనిఖీ చేయడం, ఆ మొత్తాన్ని స్వతంత్ర భద్రతా మదింపు సంస్థ పరిశీలించడం. ఐరోపా ప్రమాణాలు ఈఎన్ 50126, 50128, 50129 చెప్పేది ఇదే. మూడు ప్రాసెసర్లు విడివిడిగా లెక్క కట్టి, కనీసం రెండు ఒప్పుకుంటేనే ఆదేశం వెలువడే ఏర్పాటు కూడా ఈ ఆలోచనలోంచి పుట్టిందే. దీనికీ ఒక హద్దుంది. మూడింటిలోనూ ఒకే తప్పు లెక్క ఉంటే, మూడూ కలిసి ఆ తప్పునే ఆమోదిస్తాయి.

తప్పులు ఎక్కడ పుట్టాయి?

2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో, గుల్లగూడ–చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఎక్కిన ఇంజన్‌ను కవచ్ ఎదుటి ఇంజన్‌కు సుమారు 380 మీటర్ల ముందే ఆపింది. ఇలాంటి ప్రదర్శన కావాల్సిందే, జనానికి నమ్మకం కలుగుతుంది. అయితే ఆ రోజు రేడియో పని చేస్తోంది, బండి ఎక్కడుందో చెప్పే ట్రాక్ మీది ట్యాగులను కవచ్ చదవగలుగుతోంది, కరెంటు ఉంది. ప్రమాదాల చరిత్రలో ఇలా అన్నీ కుదిరిన రోజులు కనిపించవు.

2011 జులై 23న చైనాలోని వెన్‌జౌ దగ్గర పిడుగు ప్రభావంతో సిగ్నలింగ్ పరికరంలో ఫ్యూజు పోయింది. పోగానే ఎరుపు చూపాల్సిన వ్యవస్థ, చెడిపోకముందు నాటి సమాచారాన్నే పట్టుకుని పచ్చ చూపించింది. వెనుక బండి ముందు బండిని గుద్దింది, 40 మంది చనిపోయారు. చెడిపోతే భద్రమైన వైపే చెడిపోవాలన్నది సిగ్నలింగ్‌కు మొదటి సూత్రం. ఆ సూత్రాన్ని ఆ ఒక్క ఫ్యూజు దగ్గర పరీక్షించి చూడలేదు.

2017 అక్టోబరులో బ్రిటన్‌లోని కేంబ్రియన్ లైన్‌లో సిగ్నలింగ్ కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయింది. మళ్లీ లేచాక తాత్కాలిక వేగ పరిమితులు బండ్లకు అందలేదు. కంట్రోల్ గది తెర మీద మాత్రం అవి ఉన్నట్టే కనిపించింది. 30 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన లెవెల్ క్రాసింగ్‌ను ఒక బండి దాదాపు 80తో దాటేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, సిగ్నలింగ్ ఇంజనీర్లు మరిచిపోకూడని ఘటన ఇది. మన దగ్గర కాషన్ ఆర్డర్లను (తాత్కాలిక వేగ పరిమితి ఆదేశాలను) కూడా కవచ్ వంటి వ్యవస్థలకు అప్పగిస్తున్నప్పుడు, కరెంటు పోయి వచ్చాక అవి నిలిచాయా లేదా అన్నది మొదటి రోజే చూడాలి.

2019 మార్చి 18న హాంకాంగ్ మెట్రోలో కొత్త సిగ్నలింగ్‌ను పరీక్షిస్తుండగా రెండు బండ్లు ఢీకొన్నాయి. మొదటి, రెండో కంప్యూటర్ల నుంచి మూడోదానికి నియంత్రణ మారినప్పుడు ఒక రక్షణ డేటా కొత్తదాంట్లో మళ్లీ తయారు కాలేదు. ఆ సందర్భాన్ని ముందే సిమ్యులేషన్‌లో ఆడించి ఉంటే బయటపడేది. అయినా ఆ పరీక్ష తెల్లవారుజామున, ప్రయాణికులు లేని వేళ జరగడం వల్ల ప్రాణాలు నిలిచాయి. పరీక్ష వేళను ఎంచుకోవడమూ రక్షణలో భాగమే.

బాలేశ్వర్ సంగతి మనవాళ్లెవరూ మరిచిపోలేదు. 2023 జూన్ 2న బహనాగా బజార్ స్టేషన్‌లో మెయిన్ లైన్‌కు సిగ్నల్ వచ్చింది, పాయింట్ మాత్రం లూప్ లైన్ (బండ్లను పక్కన నిలిపే లైన్) వైపు ఉంది. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది, 290 మందికి పైగా చనిపోయారు. గతంలో గూమ్టీలో (ట్రాక్ పక్క సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో) జరిగిన సర్క్యూట్ మార్పులోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు బ్యారియర్ మార్చే పనిలోనూ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. అక్కడ విఫలమైంది కొత్త యంత్రం కాదు. ఏళ్లుగా నడుస్తున్న యంత్రంలో వైర్లు మార్చి, మార్చిన తర్వాత పరీక్ష పూర్తిగా చేయకపోవడం ప్రాణాలు తీసింది. పైన చెప్పిన కరెస్పాండెన్స్ పరీక్షను ఆ పాయింట్ దగ్గర నిలబడి రెండు వైపులా చేసి ఉంటే తేడా కనిపించేది.

అంతకు ముందటి పాఠమూ ఒకటుంది. కొంకణ్ రైల్వేలో బి.రాజారాం ఆధ్వర్యంలో రూపొందిన యాంటీ కొలిజన్ డివైస్‌ను ఈశాన్య సరిహద్దు రైల్వేలో 1,700 కిలోమీటర్లకు పైగా అమర్చారు. అది బండి జాడను జీపీఎస్‌తో పట్టుకునేది. పక్కపక్క ట్రాకుల మధ్య దూరం సుమారు 5 మీటర్లే. పెద్ద స్టేషన్లలో బండి ఏ లైన్ మీద ఉందో పరికరం పోల్చుకోలేక అనవసరంగా బ్రేకులు వేసేది. ఒంటరి లైన్ మీద నెగ్గిన ఆలోచన రద్దీ యార్డులో నిలవలేదు. కవచ్‌లో స్లీపర్ల మీద ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రేడియోతో చదివే గుర్తింపు బిళ్లలు) రావడానికి కారణాల్లో ఇదొకటి.

చక్రం అరిగితే కవచ్‌కు ఎలా తెలుస్తుంది?

బ్లాక్ సెక్షన్‌లో (రెండు స్టేషన్ల మధ్య లైన్‌లో) కిలోమీటరు మించని దూరానికొక చోట ట్యాగులు ఉంటాయి. ఇంజన్ కింది రీడర్ వాటిని చదివి, "ఇక్కడున్నాను" అని ఖాయం చేసుకుంటుంది. రెండు ట్యాగుల మధ్య మాత్రం చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం కడుతుంది. చుట్టుకొలత తప్పితే దూరమూ తప్పుతుంది.

వ్యాగ్-9, వ్యాప్-7 ఇంజన్ల చక్రం కొత్తప్పుడు 1,092 మిల్లీమీటర్ల వ్యాసంతో వస్తుంది, అరిగి 1,016కు చేరితే తీసేస్తారు. ఈ రెండింటి మధ్య తేడా 7 శాతం. లోకో షెడ్‌లో చక్రాన్ని లేత్ మీద చెక్కినప్పుడల్లా వ్యాసం తగ్గుతుంది. కొత్త కొలతను పరికరంలో ఎక్కించడం మరిచిపోతే, విపరీత సందర్భంలో కిలోమీటరుకు 70 మీటర్ల తేడా రావచ్చు. ఒక చోట ట్యాగులు బొగ్గు బూడిదతో కప్పుకుపోయి గానీ, ట్రాక్ మిషన్ తగిలి ఊడిపోయి గానీ చదవలేకపోతే, తేడా 140 మీటర్లకు పోతుంది. సిగ్నల్ ముందు ఆగాల్సిన ఇంజన్‌కు అది చిన్న దూరం కాదు.

కాజీపేటలో డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లు రెండూ ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష ఇక్కడే చేయొచ్చు. ఉద్దేశపూర్వకంగా తప్పు వ్యాసం ఎక్కించి, ఒక చోట ట్యాగులు తీసేసి, ఖాళీ ఇంజన్‌ను నడిపి చూడాలి. తేడా హద్దు దాటగానే పరికరం గుర్తుపట్టి తక్కువ నమ్మకమున్న మోడ్‌లోకి దిగిందా, లేక తప్పు లెక్కనే పట్టుకుని పోయిందా? చినుకు పడ్డ పట్టా మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, తిరగకుండానే బండి ముందుకు పోతుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. విదేశాల్లో పట్టాల మీద సబ్బు నీళ్లు చల్లి మరీ ఇది పరీక్షిస్తారు.

బొగ్గు రేకు ఆగే తీరు వేరు

సింగరేణి బొగ్గు మోసే 58 వ్యాగన్ల రేకు సుమారు 640 మీటర్ల పొడవుంటుంది. వ్యాగన్‌కున్న నాలుగు ఇరుసుల్లో ఒక్కోదాని మీద 22.9 టన్నుల బరువు (యాక్సిల్ లోడు) చొప్పున నిండుగా ఉంటే 5,300 టన్నులు, ఖాళీగా ఉంటే 1,200 టన్నుల లోపే. రెండింటినీ ఒకే బ్రేకు లెక్కతో ఆపలేరు. ప్రయాణికుల బండిలో బ్రేకు సిలిండర్ 3 నుంచి 5 సెకన్లలో నిండితే గూడ్సులో 18 నుంచి 30 సెకన్లు పడుతుంది. 75 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 21 మీటర్లు పోతుంది. అంటే బ్రేకు పూర్తిగా పట్టకముందే 400 మీటర్లు దాటిపోవచ్చు.

కవచ్ ఈ లెక్కను ముందే కట్టుకోవాలి. జాగ్రత్త మరీ ఎక్కువైతే ప్రతి పసుపు సిగ్నల్ దగ్గరా బండి అవసరానికి మించి ముందే నెమ్మదిస్తుంది. సికింద్రాబాద్–కాజీపేట–బల్లార్షా మార్గంలో 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి వచ్చాక, వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆ గూడ్సు వెంట పడి ఆలస్యమవుతాయి. జాగ్రత్త తక్కువైతే సిగ్నల్ దాటేస్తుంది. అనవసరపు బ్రేకులు పదే పదే పడితే సిబ్బందికి పరికరం మీద నమ్మకం పోయి, దాన్ని పక్కన పెట్టే అలవాటు మొదలవుతుంది. భద్రతా పరికరానికి ఇంతకంటే చేటు లేదు. అందుకే నిండు రేకు, ఖాళీ రేకు, సగం వ్యాగన్లలో బ్రేకు కట్ చేసిన రేకు, ఎత్తు, పల్లం అన్నీ కలిపి పట్టిక వేసుకుని నడిపి చూడాలి.

ఎండ, వాన, ట్రాక్షన్ కరెంటు

రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నిలబెట్టిన ఇనుప పెట్టె లోపల అంతకంటే చాలా ఎక్కువ. ల్యాబ్‌లో వేడి గదిలో కొన్ని గంటలు నెగ్గిన బోర్డు, వరసగా నలభై రోజులు ఇలా కాగి, జూన్ తొలకరిలో ఒక్కసారిగా తడి గాలి పీల్చితే సోల్డరింగ్, కనెక్టర్ల దగ్గర తేలిపోతుంది. ఆ వేసవి, ఆ వాన రెండూ చూడకుండా ట్రయల్ ముగించకూడదు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె–కేసముద్రం దగ్గర వరదకు ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి చోట కేబుల్ తెగినప్పుడు స్టేషన్ల మధ్య కవచ్ సమాచారం ఎలా ఆగుతుందో, ఎలా తిరిగి కలుస్తుందో కూడా పరీక్షలో ఉండాలి. ఇంజన్‌ను నడిపే 25 వేల వోల్టుల ట్రాక్షన్ కరెంటు పట్టాల గుండానే తిరిగి వస్తుంది. కొత్త రకం ఇంజన్ వచ్చినప్పుడల్లా దాని హార్మోనిక్స్ (కరెంటులోని అదనపు తరంగాలు), లైన్ మీద బండి ఉందో లేదో కనిపెట్టే యాక్సిల్ కౌంటర్లను, ట్రాక్ సర్క్యూట్లను తికమక పెడుతున్నాయా అన్నది కొలవాల్సిందే.

పరీక్షా ట్రాక్ ఒక్కటే చాలదు

చెక్ దేశంలోని వెలిమ్‌లో 13 కిలోమీటర్ల పైచిలుకు రింగు ట్రాక్, అమెరికాలోని ప్యూబ్లోలో పెద్ద పరీక్షా కేంద్రం ఎప్పటి నుంచో ఉన్నాయి. మన దగ్గర రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్‌వో కోసం రాజస్థాన్‌లో గూఢా–ఠఠానా మీఠడీ మధ్య సుమారు 60 కిలోమీటర్ల పరీక్షా ట్రాక్ తలపెట్టారు. కొత్త కోచ్, కొత్త బ్రేకు, అధిక వేగం వంటివి అక్కడ ధైర్యంగా చూడవచ్చు. వాటికి నడుస్తున్న మెయిన్ లైన్ వాడుకోవాల్సిన గతి తప్పుతుంది.

కాజీపేట యార్డు చిక్కును మాత్రం ఆ ట్రాక్ మీద సృష్టించలేరు. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దిక్కుల లైన్లు ఇక్కడ కలుస్తాయి. బల్లార్షా నుంచి విజయవాడ వెళ్లే బండ్లు చాలావరకు కాజీపేట ప్లాట్‌ఫాం ముట్టకుండా నేరుగా వరంగల్ చేరతాయి. దేశంలోని అనేక షెడ్ల ఇంజన్లు ఇటు వస్తాయి. ఒక కంపెనీ కవచ్ ఉన్న ఇంజన్ మరో కంపెనీ పరికరం ఉన్న స్టేషన్‌తో మాట్లాడాలి. 2024 జులై 16న కవచ్ నాలుగో వెర్షన్‌కు ఆమోదం వచ్చింది కాబట్టి, పాత వెర్షన్ సెక్షన్ నుంచి కొత్త వెర్షన్ సెక్షన్‌లోకి 130 వేగంతో దాటే క్షణమూ పరీక్షించాల్సిందే. ఆ వేగంలో రేడియో సందేశం రెండు సెకన్లు ఆలస్యమైతే బండి 72 మీటర్లు పోతుంది.

మార్చవలసినవి

అన్నిటికంటే ముందు, చెడగొట్టి చూసే పరీక్షల జాబితాను తయారీదారు రాయకూడదు. సెక్షన్ సిగ్నల్ మెయింటెయినర్, లోకో పైలట్, స్టేషన్ మాస్టర్ కూర్చుని రాయాలి. ఏ గూమ్టీలో ఎలుకలు కేబుల్ కొరుకుతాయో, ఏ మలుపులో రేడియో తెగుతుందో వాళ్లకే తెలుసు. సికింద్రాబాద్‌లో సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ ఉంది, వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది. కాజీపేట యార్డు నమూనాను ల్యాబ్‌లో కట్టి, స్టేషన్ డేటా లాగర్లలో నమోదైన నిజమైన రోజులను దాని మీద తిరిగి ఆడించే పని ఈ రెండు చోట్లా సాధ్యమే.

రెండోది, లైన్ మీదికి వచ్చాక వెంటనే బ్రేకు అధికారం ఇవ్వకుండా కొన్ని నెలలు నీడలా నడపాలి. పరికరం లెక్క కడుతుంది, బ్రేకు వేయదు, "ఇక్కడ వేసి ఉండేదాన్ని" అని లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్‌ను లోకో పైలట్ చేసినదానితో పోల్చితే అనవసరపు బ్రేకులూ, వేయాల్సి ఉండి వేయనివీ రెండూ బయటపడతాయి. మొదట ఒంటరి ఇంజన్, తర్వాత ఖాళీ రేకు, నిండు రేకు, చివరికి ప్రయాణికుల బండి.

ప్రతి దశలోనూ కరెంటు తీసి మళ్లీ ఇచ్చే పరీక్ష తప్పనిసరి. బండి కదులుతుండగా, కాషన్ ఆర్డర్ అమల్లో ఉండగా, ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి మారుతుండగా తీసి చూడాలి. ఇక వైరింగ్‌లో ఏ చిన్న మార్పు జరిగినా, రీకనెక్షన్ మెమో (పని ముగిసి సిగ్నల్‌ను తిరిగి కలిపామన్న పత్రం) మీద సంతకంతో పాటు ఆ మార్పు తాకిన రూట్లన్నిటి పరీక్షా పత్రం జత కావాలి. మెమో ఉంది, పత్రం లేదు అంటే సిగ్నల్ పని చేయడం లేదన్న లెక్కలోనే బండ్లు నడపాలి.

కవచ్‌కు ట్రాక్ పక్క ఏర్పాట్లకు కిలోమీటరుకు సుమారు 50 లక్షలు, ఇంజన్‌కు 80 లక్షల రూపాయలు అవుతాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ ఖర్చులో పరీక్ష వాటాను విడిగా చూపాలి. సమయంలోనూ అంతే. నాన్ ఇంటర్‌లాకింగ్ ప్రణాళికలో పనికి ఇన్ని గంటలు, పరీక్షకు ఇన్ని గంటలు అని వేర్వేరుగా రాసి, పని ఆలస్యమైతే పరీక్ష గంటలను తినేయకుండా బ్లాక్‌నే పొడిగించే నిబంధన పెట్టాలి. మూడో లైన్ కలుస్తున్న కొద్దీ ఈ మార్గంలోని యార్డులు మళ్లీ మళ్లీ తెరిచి మూయాల్సి వస్తుంది. ఇంకో రోజు రైళ్లు రద్దవుతాయని ప్రకటించేటప్పుడు, ఆ రోజు పరీక్ష కోసమేనని అందులోనే రాస్తే ప్రయాణికులకూ కారణం తెలుస్తుంది, యార్డులో పరీక్షిస్తున్న సిబ్బంది మీద తొందర పెట్టే ఫోన్లూ తగ్గుతాయి.